ఏటి ఒడ్డు దీపస్తంభాలు

సికిందరాబాదు నుంచి సాయంకాలం హుసేన్ సాగరం కట్టమీదికి షికారుకు వెళ్ళినవారికి నీటిమీద తెరచాప పడవలు తిరుగుతూ కనిపిస్తాయి. చీకటి పడేసరికి పడవలన్నీ గట్టు చేరుతాయి. ఆ పడవలకు దారి చూపడానికి దీపస్తంభం ఏదీ లేదు; దాని అవసరమూ లేదు. దీపస్తంభం అనగానే విశాఖపట్నమో, మచిలీపట్నమో, హోరుమనే సముద్రమో మన మనస్సులో మెదలడం సహజం. కాని ప్రపంచంలో సముద్రానికి వందల మైళ్ళ దూరాన, మంచినీటి సరస్సుల ఒడ్డున, నదుల మధ్యన కట్టిన దీపస్తంభాలు వందల సంఖ్యలో ఉన్నవి. అమెరికాలో ఏ సముద్రపు అంచూ లేని మిచిగన్ రాష్ట్రంలోనే ఆ దేశపు ఇతర రాష్ట్రాలన్నిటికంటె ఎక్కువ దీపస్తంభాలు ఉన్నవంటే వినేవారికి ఆశ్చర్యం కలుగుతుంది. డెట్రాయిట్ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు సెలవు రోజున పిల్లలను తీసుకొని చూడబోయే దీపస్తంభాలన్నీ మంచినీటివే.

హుసేన్ సాగరానికి అక్కరలేని దీపం మిచిగన్ సరస్సుకు ఎందుకు కావలసి వచ్చినది? ఈ ప్రశ్నకు జవాబు భూమి గుండ్రదనంలో ఉన్నది. తొమ్మిదో తరగతి విద్యార్థి కూడ పైథాగరస్ సిద్ధాంతం సాయంతో దీన్ని రాబట్టవచ్చును. చూసేవాని కన్ను నీటిమట్టానికి h మీటర్ల ఎత్తున ఉంటే, నీరూ ఆకాశమూ కలిసినట్లు కనిపించే గీత, అంటే క్షితిజం, సుమారు 3.57 × √h కిలోమీటర్ల దూరాన ఉంటుంది. గట్టుమీద నిలబడినవాని కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తున ఉన్నదనుకొందాం. రెంటి వర్గమూలం 1.41, కాబట్టి అతనికి సుమారు 5 కిలోమీటర్లవరకు నీరు కనిపిస్తుంది. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలాన తవ్వించిన హుసేన్ సాగరం వైశాల్యం ఈనాడు ఆరు చదరపు కిలోమీటర్లకు లోపే. ఎక్కడ నిలబడినా ఎదుటి గట్టు కంటికి ఆనుతుంది. ఇక ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు వైశాల్యం 82,100 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ రాష్ట్రంలో మూడు వంతులను పరచి నీటితో నింపితే ఎంత ఉంటుందో అంత. పొడవు 563 కిలోమీటర్లు, అత్యధికమైన వెడల్పు 257 కిలోమీటర్లు, లోతు కొన్ని చోట్ల 400 మీటర్లు దాటుతుంది. నీరు తియ్యనిదే అయినా, నవంబరు నెలలో అక్కడ లేచే తుపానులకు ఉక్కు ఓడలు సైతం మునిగిపోయినవి. అట్టివాటిని సరస్సులు అనడం మాటవరసకే.

ఆ సరస్సు ఉత్తరపు గట్టున, మిన్నెసోటా రాష్ట్రంలో, స్ప్లిట్ రాక్ అనే కొండ అంచున ఒక దీపస్తంభం ఉన్నది. 1905 నవంబరు చివర ఒక ఘోరమైన తుపానులో అనేక ఓడలు ఈ గట్లకు కొట్టుకొని పగిలిపోయినవి. అక్కడి భూమిలో ఇనుప ఖనిజం విస్తారంగా ఉండడంవల్ల ఓడలోని దిక్సూచి ముల్లు పక్కకు లాగుతుంది. సరంగు తాను ఉత్తరానికి పోతున్నాననుకొంటూనే రాళ్ళమీదికి పోతాడు. దిక్సూచిని నమ్మలేనిచోట కంటిని నమ్మవలసినదే. అందుచేత 1910లో ఈ దీపం వెలిగినది. గోపురం ఎత్తు 16 మీటర్లే. కాని అది నిలిచిన కొండ 40 మీటర్ల ఎత్తున్నది. మొత్తంమీద దీపం నీటికి సుమారు 51 మీటర్ల పైన ఉంటుంది. పై సూత్రం ప్రకారం దీపం నుంచి క్షితిజం 25.5 కిలోమీటర్లు. ఓడ తట్టుమీద సరంగు కన్ను 5 మీటర్ల ఎత్తున ఉంటే అతని క్షితిజం మరొక 8 కిలోమీటర్లు. రెండూ కలిపితే 33.5. ఈ దీపానికి ప్రకటించిన దూరం 22 మైళ్ళు, అంటే 35 కిలోమీటర్లు. మన లెక్కకూ ప్రకటనకూ ఉన్న ఆ కొద్దిపాటి తేడాకు వాతావరణమే కారణం. నీటికి దగ్గరగా ఉన్న దట్టమైన గాలిలో కాంతికిరణం కొంచెం కిందికి వంగుతుంది కాబట్టి దీపం లెక్కకంటె కొంత ఎక్కువ దూరానికే అందుతుంది.

ఎత్తు ఉంటే చాలదు. వెలుగు కూడ ఉండాలి. బల్లమీద పెట్టిన కిరసనాయిలు దీపం తన వెలుగును పైకీ కిందికీ నలుదిక్కులకూ వెదజల్లుతుంది. ఓడవానికి కావలసినది క్షితిజంవైపు సాగే పలుచని పొర మాత్రమే. ఈ చిక్కును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అగస్టిన్ ఫ్రెనెల్ విడదీసినాడు. పెద్ద గాజు కటకాన్ని తయారు చేస్తే అది దూలమంత మందమై, బరువై, వెలుగును తానే మింగుతుంది. కాని కాంతిని వంచేది కటకపు ఉపరితలమే గాని దాని పొట్టలోని గాజు కాదు. కాబట్టి పొట్టను తీసివేసి, ఉపరితలాన్ని వలయాలుగా కోసి, ఒకే తలంమీద పేర్చవచ్చునని అతడు గ్రహించినాడు. మధ్యనున్న వలయాలు వక్రీభవనంచేత, పైనా కిందా ఉన్న పట్టకాలు వక్రీభవనంతోపాటు సంపూర్ణాంతర పరావర్తనంచేత, చెదరిపోవలసిన కాంతిని క్షితిజం దారిన పంపుతాయి. ఈ విధంగా దీపపు వెలుగులో ఐదింట నాలుగు వంతులు పనికివచ్చినవి. ఇట్టి కటకాన్ని మొట్టమొదట 1823లో పెట్టినది ఎక్కడో కాదు, ఒక నది ముఖద్వారానే. ఫ్రాన్సులో జిరోండ్ నది సముద్రంలో కలిసేచోట, 1611లో పూర్తయిన కొర్దువాన్ దీపస్తంభంలో. ఆ కట్టడం 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినది.

ఫ్రెనెల్ కటకాలను పరిమాణాన్నిబట్టి తరగతులుగా విభజించినారు. మొదటి తరగతి కటకపు నాభ్యంతరం 920 మిల్లీమీటర్లు; మనిషి లోపల నిలబడవచ్చును. నాలుగో తరగతి 250, ఆరో తరగతి 150 మిల్లీమీటర్లు మాత్రమే. ఇవి ఒక పెద్ద బిందెకంటె మించవు. నదుల దీపాలకూ చిన్న రేవుల దీపాలకూ ఎక్కువగా వాడినవి ఈ చిన్న తరగతులే. దూరం తక్కువైనచోట పెద్ద కటకం వృథా గదా.

నది విషయంలో మరొక తేడా ఉన్నది. సముద్రంమీది దీపం "ఇక్కడ గట్టు ఉన్నది, దూరంగా పో" అని చెబుతుంది. నదిలో గట్టు ఎక్కడున్నదో అందరికీ తెలుసు. తెలియనిది లోతైన పాయ ఎక్కడున్నదన్నదే. దానికి జంట దీపాల పద్ధతి ఏర్పడినది. నది మలుపు దగ్గర గట్టుమీద తక్కువ ఎత్తున ఒక దీపం, దాని వెనుక కొంతదూరాన ఎక్కువ ఎత్తున మరొక దీపం పెడతారు. పడవ లోతైన పాయలో ఉన్నంతసేపూ పై దీపం కింది దీపానికి సరిగా నెత్తిన కనిపిస్తుంది. పడవ కుడికి జరిగితే ముందున్న కింది దీపం ఎడమకూ, వెనుకనున్న పై దీపం కుడికీ విడిపోతాయి. పై దీపం ఏవైపు తప్పుకొన్నదో చూసి సరంగు దానికి ఎదురువైపు చుక్కాని తిప్పి సరిచేసుకొంటాడు. తరగతి గదిలో బల్లమీద రెండు పెన్సిళ్ళను ముందొకటి వెనుకొకటి నిలబెట్టి, ఒక కన్ను మూసి తల అటూ ఇటూ ఆడించితే విద్యార్థులకు ఇది క్షణంలో బోధపడుతుంది.

ఈ పద్ధతిలో ఒక బలహీనత లేకపోలేదు. వరదకు పాయ జరిగితే జంట దీపాలు సరంగును నేరుగా ఇసుక మేటమీదికి తీసుకొనిపోతాయి. కాబట్టి పాయలు మారే నదులమీద ఎవరూ రాతి గోపురాలు కట్టలేదు. మిసిసిపీ, ఒహాయో, మిసోరీ నదులమీద 1874 నుంచి అమెరికా ప్రభుత్వం కొయ్య గుంజలకు నూనె లాంతర్లు తగిలించి, ఒడ్డున ఉన్న రైతులకు కొద్దిపాటి జీతమిచ్చి వెలిగింపజేసినది. పాయ జరిగినప్పుడు గుంజను పెరికి మరొకచోట పాతేవారు. మన గోదావరి పడవలవాళ్ళ పద్ధతి ఇంతకంటె సులభం. గెడతో లోతు చూసుకొంటూ పగలు నడపడం, చీకటి పడితే ఒడ్డుకు కట్టివేయడం. ఇసుక మేటలు ఏటేటా చోటు మార్చే నదికి అదే తగిన పద్ధతి అని ఒప్పుకోవాలి.

ఈ విధంగా, రాతితోనో ఇటుకతోనో నది ఒడ్డున దీపస్తంభం కట్టినారంటే, నీరు ఇక్కడే ఉంటుందని ఎవరో నమ్మినారన్నమాట. ఆ నమ్మకం ఎంతవరకు నిలిచినదన్నది ఈ కట్టడాలను చూస్తే తెలుస్తుంది. వాటిని కాపాడడంలోని కష్టమంతా కూడ అక్కడే ఉన్నది.

గోదావరి ముఖాన

తెలుగునేలమీద ఇందుకు తగిన ఉదాహరణ కోరంగి. గౌతమీ గోదావరి యానాం దాటినతరువాత చీలే పాయలలో ఒకటి కోరంగి ఏరు. దాని ఒడ్డున ఉన్న ఈ రేవు ఒకప్పుడు ఓడల కట్టుబడికీ మరమ్మతులకూ పేరుపడినది. ఇక్కడినుంచి బర్మాకు పోయిన జనం ఎంతమందంటే, రంగూనులో తెలుగువారందరికీ "కోరంగీలు" అనే పేరే స్థిరపడినది. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన తుపాను ఉప్పెనలు ఈ రేవును ఊడ్చివేసినవి. అయినా రేవును చివరకు చంపినది ఉప్పెన కాదు, ఒండ్రుమట్టి.

గోదావరి దక్కను పీఠభూమినంతటినీ కడిగి తెచ్చే మన్నును సముద్రపు అంచున దింపుతుంది. నైరుతి రుతుపవనాల కాలంలో గట్టు వెంబడి నీటి ప్రవాహం ఉత్తరదిశగా సాగుతుంది. అలలు గట్టును ఏటవాలుగా తాకినప్పుడల్లా ఇసుక రేణువులు కొంచెం కొంచెంగా ఉత్తరానికి జరుగుతాయి. ఒక అలకు జరిగేది జానెడే కావచ్చు; కాని అలలకు విశ్రాంతి లేదు. ఈ విధంగా రెండు శతాబ్దాల కాలంలో నదీముఖం నుంచి ఉత్తరంగా దాదాపు 16 కిలోమీటర్ల పొడవున ఒక ఇసుక నాలుక పెరిగినది. దాని కొననే హోప్ ద్వీపం అంటున్నారు. ఆ నాలుక వెనుక కాకినాడ అఖాతం ప్రశాంతంగా ఉంటుంది. ఓడలకు చాటు దొరికినది. నాలుకకూ పాత గట్టుకూ నడుమ నీరు కదలక, బురద పేరుకొని, మడచెట్లు మొలిచినవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవులు 235 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నవి. వ్యాపారం కోరంగిని విడిచి కాకినాడకు జరిగినది. ఈనాడు కాకినాడకు వచ్చే ఓడలకు దారి చూపేది పట్టణానికి ఉత్తరాన ఉన్న వాకలపూడి దీపస్తంభం.

కోరింగ మడ అడవులలో పడవ షికారుకు వెళ్ళేవారికి బ్రిటిషువారి కాలపు పాత దీపస్తంభాన్ని చూపిస్తారు. దాని చుట్టూ ఇప్పుడున్నది ఓడల దారి కాదు. మడచెట్లు, పీతలు, కొంగలు. చూసేవారిలో చాలామంది అడవి మధ్యలో లైటుహౌసు ఎవరు కట్టినారని నవ్వుకొంటారు. నవ్వవలసిన పని లేదు. దీపస్తంభాన్ని ఎవరూ అడవిలో కట్టలేదు. అడవే దాని దగ్గరకు నడిచి వచ్చినది.

ఇక్కడ ఒక విషయం ముఖ్యం. డెల్టా ఎంత వేగంగా పెరిగినదో తెలుసుకోవడానికి పాత పటాలున్నవి. కాని పటం గీసినవాడు గట్టును ఆటు సమయంలో కొలిచినాడో పోటు సమయంలో కొలిచినాడో తెలియదు. చదునైన బురద నేలమీద ఆ రెంటికీ మధ్య కొన్ని వందల మీటర్ల తేడా రావచ్చును. దీపస్తంభానికి అట్టి సందిగ్ధం లేదు. అది నిలిచిన రోజున ఆ చోటినుంచి ఓడలు నడిచే నీరు కనిపించేది. లేకుంటే దాన్ని అక్కడ కట్టరు. కదలని గుర్తు అది ఒక్కటే. అక్కడినుంచి నేటి నీటి అంచువరకు కొలిస్తే నది చేసిన పని అంకెల్లోకి వస్తుంది. ఈ కొలత కేవలం కుతూహలానికి కాదు. నదిమీద ఆనకట్టలు కట్టినకొద్దీ గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గుతూ వచ్చినది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిననాటి నదికీ నేటి నదికీ ఎంతో భేదం. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ దగ్గర సముద్రం ఊరినే కోసుకొనిపోతున్నది. ఒకచోట నేల పెరుగుతూ, కొద్ది దూరంలో నేల తరుగుతూ ఉన్న ఈ తీరంలో, పాత గట్టు ఇదీ అని వేలు పెట్టి చూపగల కట్టడాలు ఎన్ని ఉన్నవి? ఉన్న ఒకటి రెండు కూలిపోతే మళ్ళీ సంపాదించడం సాధ్యం కాదు.

చెక్క, సున్నం, గాజు

పాత దీపస్తంభాన్ని కాపాడడమంటే దానికి రంగు వేయడమని సామాన్యంగా అనుకొంటారు. రంగు చివరి పని. మొదటి పని పునాదిని చూడడం.

న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ నది నడుమ, హడ్సన్, ఏథెన్స్ అనే రెండు ఊళ్ళ మధ్య, 1874లో కట్టిన ఇటుక దీపగృహం ఉన్నది. చూడడానికి నీటిమీద తేలే ఇల్లులాగ ఉంటుంది. దాని రాతి దిమ్మె కింద నది అడుగున దిగగొట్టిన కొయ్య గుంజలున్నవి. నూట యాభై ఏళ్ళు కొయ్య నీటిలో ఎట్లా నిలిచినది? మన పల్లెల్లో పాత బావుల అడుగున నేరేడు చెక్క చట్రం వేసే అలవాటును తెలిసినవారికి ఇది వింతగా తోచదు. కొయ్యను తినేవి బూజుజాతి శిలీంధ్రాలు. వాటికి తేమ కావాలి, ఆమ్లజని కూడ కావాలి. మట్టిలో పూడి, పూర్తిగా నీట మునిగి ఉన్న కొయ్యకు తేమ ఉన్నది గాని ఆమ్లజని అందదు, పుచ్చదు. ఎండలో ఉన్న కొయ్యకు ఆమ్లజని ఉన్నది గాని తేమ లేదు. అదీ చాలాకాలం ఉంటుంది. చెడేది రెండూ కలిసినచోట. పొలంగట్టున పాతిన కంచె గుంజను పెరికి చూడండి: అడుగు గట్టిగా ఉంటుంది, పైభాగం గట్టిగా ఉంటుంది, నేలమట్టం దగ్గర మాత్రం వేలితో గిల్లితే ఊడివస్తుంది.

హడ్సన్ నదిలో జరిగినది ఇదే. పెద్ద ఓడలు పోయేటప్పుడు లేచే అలలు, చలికాలపు మంచుగడ్డలు పునాది చుట్టూ పేర్చిన రాళ్ళను కదిలించి, కొయ్యను కప్పిన మట్టిని కడిగివేసినవి. కప్పు పోయిన గుంజలు చెడడం మొదలుపెట్టినవి. 2024లో అమెరికా జాతీయ పరిరక్షణ సంస్థ ప్రకటించిన అత్యంత ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాలలో ఈ దీపగృహం ఒకటి. పునాది చుట్టూ ఉక్కు అడ్డుగోడ దింపి ప్రవాహం తగలకుండ చేయాలని దాన్ని నిర్వహించే స్థానిక సంఘం ప్రయత్నిస్తున్నది.  

మహాసరస్సులలో ఈ చిక్కు మరొక రూపంలో వస్తుంది. అక్కడ అనేక దీపస్తంభాలను నీటిలో కొయ్య దూలాలతో పెట్టెలవంటివి అల్లి, వాటిని రాళ్ళతో నింపి, పైన కట్టినారు. మిచిగన్, హ్యూరన్ సరస్సుల నీటిమట్టం ఏళ్ళతరబడి ఒకేచోట ఉండదు. 1986లో అత్యధికానికి చేరినది, 2013 జనవరిలో అత్యల్పానికి దిగినది. రెంటికీ తేడా సుమారు రెండు మీటర్లు. మట్టం దిగినప్పుడు శతాబ్దంపాటు నీటి చాటున ఉన్న పై దూలాలు గాలికి బయటపడతాయి. కొయ్యకు కరువు కాలమే గండమన్నమాట.

ఇక గోడల సంగతి. పాత కట్టడాలలో వాడినది సున్నం. మన వైపు డంగు సున్నం, ఇటుకపొడి, గచ్చు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా రాయిగా మారుతుంది. అయినా దానిలో సన్నని రంధ్రాలు మిగులుతాయి. నేలలోనుంచి గోడలోకి పాకిన తేమ ఆ రంధ్రాలగుండా బయటికి పోతుంది. ఉప్పు నీటి దగ్గర ఈ తేమతోపాటు లవణం కూడ ఎక్కుతుంది. నీరు ఆరి, లవణం స్ఫటికాలుగా గడ్డకట్టి రంధ్రాలను లోపలినుంచి తోస్తుంది. సున్నం మెత్తనిది గనుక ముందు తాను రాలిపోయి ఇటుకను కాపాడుతుంది. పదేళ్ళకోసారి మళ్ళీ సున్నం పూస్తే సరిపోతుంది. ఈ మర్మం తెలియక, గట్టిదనం చూసి, సిమెంటు పూసినచోట ఏమవుతుంది? తేమకు దారి మూసుకొనిపోతుంది. లవణం సిమెంటు వెనుక, ఇటుకలోనే పేరుకొంటుంది. సిమెంటు పెచ్చు ఊడినప్పుడు ఇటుక ముఖాన్ని కూడ తీసుకొని పడుతుంది. చలిదేశాలలో ఇదే పనిని మంచు చేస్తుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. శ్రద్ధలేక పాడైన కట్టడాలు ఎన్నో ఉన్నవి గాని, మంచి ఉద్దేశంతో సిమెంటు పూసి పాడుచేసినవి కూడ వాటికి తీసిపోవు.

కటకానికి వచ్చే ఆపద విచిత్రమైనది. వెలుగును బయటికి పంపే సాధనం ఎండను లోపలికి కూడ అదే దారిన తెస్తుంది. పగటిపూట సూర్యకిరణాలు కటకపు నాభిలో చేరితే దీపంలోని నూనె అంటుకోవచ్చు. అందుచేత దీపపు కాపలాదారులు తెల్లవారగానే గాజు గది చుట్టూ తెరలు లాగేవారు. చొక్కా గుండీలు గీరుకోకుండ నారబట్ట మేలాడ తొడుక్కొని గాజు తుడిచేవారు. కాపలాదారు వెళ్ళిపోయి విద్యుత్తు బల్బు వచ్చినతరువాత ఆ తెరలు ఎవరు లాగుతారు? పట్టకాలను ఇత్తడి చట్రంలో నిలిపే లప్పం అవిసె నూనెతో, సీసపు సమ్మేళనంతో చేసినది. ఏళ్ళ ఎండకు అది గట్టిపడి పగులుతుంది. పట్టకం ఒకటి జారితే కింది పట్టకాలమీద పడుతుంది. కొన్ని పెద్ద కటకాలను రాపిడి లేకుండ తిప్పడానికి పాదరసపు తొట్టిలో తేలించేవారు. టన్నుల బరువును ఒక వేలితో తిప్పవచ్చును. ఆర్కిమెడిస్ సూత్రానికి ఇంతకంటె గొప్ప ప్రదర్శన దొరకదు. కాని పాదరసపు ఆవిరి విషం. అట్టి గదిలో పనిచేయబోయేవారు మొదట గాలిని పరీక్షించుకోవలసి ఉంటుంది.

స్ప్లిట్ రాక్ కటకం కూడ పాదరసంమీద తేలినదే. పారిస్‌లో తయారైన ఆ కటకానికి రెండు ముఖాలు. పది సెకండ్లకొక మెరుపు. అంటే అది ఇరవై సెకండ్లకు ఒకసారి తిరిగేదని విద్యార్థులే లెక్కకట్టవచ్చును. ఓడలలో రాడార్ వంటి కొత్త పరికరాలు వచ్చినతరువాత 1969లో దాన్ని ఆర్పివేసినారు. తరువాత అది మిన్నెసోటా చరిత్ర సంఘం చేతికి వచ్చి, 1920 దశకపు రూపంలో నిలిచి ఉన్నది. 1975 నవంబరు 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఇనుప ఖనిజపు ఓడ సుపీరియర్ సరస్సులో 29 మందితో మునిగిపోయినది. ప్రతి సంవత్సరం ఆ తేదీన చనిపోయినవారి పేర్లు చదివి ఆ దీపాన్ని వెలిగిస్తారు.

ఎవరి బాధ్యత?

ఆరిపోయిన దీపానికి యజమాని ఎవరన్నది అన్ని దేశాలలోను చిక్కు ప్రశ్నే. ఓడలకు పనికిరాని కట్టడంమీద ఓడల శాఖ ఖర్చు పెట్టదు. అమెరికాలో 2000 సంవత్సరపు చట్టం ఒకటి, అవసరం తీరిన దీపస్తంభాలను స్థానిక ప్రభుత్వాలకు, సేవాసంఘాలకు ఉచితంగా ఇవ్వడానికి వీలు కల్పించినది. తీసుకొనేవారు లేకుంటే వేలం వేస్తారు. అంతకు అర్ధశతాబ్దం ముందే న్యూయార్కు నగరంలో ఒక వింత జరిగినది. హడ్సన్ నది ఒడ్డున, పెద్ద వంతెన కింద, ఎర్రరంగు వేసిన చిన్న ఇనుప దీపస్తంభం ఉన్నది. 1931లో వంతెన దీపాలు వెలిగినతరువాత దీనితో పని లేకపోయినది. 1951లో దాన్ని వేలం వేయబోగా పిల్లలనుంచి ఉత్తరాలు వెల్లువెత్తినవి. 1942లో అచ్చయిన పిల్లల కథలో కథానాయకుడు ఆ దీపస్తంభమే! ప్రభుత్వం వేలం మాని దాన్ని నగరపు ఉద్యానవనాల శాఖకు అప్పగించినది. ఇప్పటికీ అది అక్కడే ఉన్నది.

మన దేశంలో 1927 నాటి దీపస్తంభాల చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చినది. ఓడలకు దారి చూపడమే గాక, వారసత్వ దీపస్తంభాలను గుర్తించి విద్యకు, సంస్కృతికి, యాత్రలకు ఉపయోగపడేటట్లు కాపాడే అధికారాన్ని ఆ చట్టం కేంద్రానికి ఇచ్చినది. 2024 ఫిబ్రవరిలో దేశంలోని 75 దీపస్తంభాలలో యాత్రికుల వసతులను ప్రారంభించినారు. ఇది మంచిదే. కాని యాత్రికులు చేరగలిగినవి ఎక్కువగా వెలుగుతూ ఉన్న దీపాలే. మడ అడవిలో ఆరిపోయిన గోపురం దగ్గర మెట్లకు పట్టాలు, టిక్కెట్టు గది కట్టడంకంటె ముందు చేయవలసిన పనులు వేరు: గోడలోని లవణాన్ని పరీక్షించడం, సున్నంతోనే మరమ్మతు చేయడం, పునాది ఏ మట్టిమీద నిలిచినదో తెలుసుకోవడం. అభయారణ్యంలో ఉన్నదానికి అటవీ చట్టాలు కూడ వర్తిస్తాయి గనుక ఇంజనీరూ, అడవి అధికారీ కలిసి పోవలసిన పని ఇది. గోపురాన్ని ఊడదీసి మరొక సౌకర్యమైన చోట నిలబెట్టడం తేలికగా తోచవచ్చును. అట్లా చేస్తే ఇటుకలు మిగులుతాయి, కొలత పోతుంది.

ఈ కొలతను బడిలో కూడ మొదలుపెట్టవచ్చును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రంవారి చిత్రాలు "భువన్" ద్వారా 2009 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నవి. సికిందరాబాదు బడిలో కూర్చొని కాకినాడ అఖాతాన్ని తెరమీద తెచ్చుకోవచ్చును. ఇసుక నాలుక కొననుంచి నదీముఖంవరకు, కోరంగి ఏటినుంచి అఖాతపు అంచువరకు దూరాలను కొలిచి, అదే స్కేలుకు తగ్గించి కాగితంమీద గీయాలి. పాత అట్లాసులో గోదావరి డెల్టా పటం దొరికితే దాన్ని పలుచని కాగితంమీదికి ఎత్తి ఈ బొమ్మమీద పరచాలి. రెండు పటాలలో గట్టు గీతలు కలవవు. ఎక్కడ ఎంత తేడా ఉన్నదో, ఆ తేడాలో ఎంత నది చేసినది, ఎంత పోటు చేసినది, ఎంత పటం గీసినవాని చేతి తప్పు అన్నది తేల్చడానికి రెండు పటాలలోనూ చోటు మారని ఒక బిందువు కావలసివస్తుంది.